టీ తాగి రమ్మన్నారు

ఏమిటే, ఎన్నికల్లో గెలిచినదాని మొహమేనా అది? నిన్న నిన్ను భుజాలకెత్తుకుని కాలేజీ అంతా తిప్పారని మీ అమ్మ ఒకటే మురిసిపోయింది. ఇలా వచ్చి కూర్చో. ఆ సంచీ కింద పెట్టు, భుజం నొప్పి పుట్టదూ? ఆఁ, ఇప్పుడు చెప్పు. ఏమన్నారూ మీ కాలేజీ కమిటీలో? ఫీజుల సంగతి వచ్చినప్పుడు విద్యార్థుల ప్రతినిధి బయటికెళ్ళాలన్నారా? ఓసి నీ ఇల్లు బంగారం కానూ, ఇంకా అదే నడుస్తోందన్నమాట. నవ్వుతున్నానని మూతి ముడుచుకోకు, నీ మీద కాదులే. మా పొడుగక్క గుర్తొచ్చింది. నీకెప్పుడూ చెప్పలేదూ? మీ అమ్మకైతే చెప్పినట్టే గుర్తు. దానికి చెప్తే ఏముంది, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది.

పొడుగక్కంటే మాకు ఒక ఏడాది సీనియరు. అసలు పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. తలుపు కమ్మీ కింద వంగి వచ్చేది, నిజంగా, లేకపోతే నుదురు తగిలేది. అంత ఎత్తు ఉండి గొంతు మాత్రం సన్నం. మాకు ఆడపిల్లల్లో ఎన్నికల్లో నిలబడ్డది అదే మొదలు. మగపిల్లలు కూడా వేశార్లే ఓట్లు, ఎందుకంటే వాళ్ళ అభ్యర్థులిద్దరూ ఒకణ్ణొకడు తిట్టుకోవడంతోనే సరిపోయింది. గెలిచాక కాలేజీ కమిటీలో ఆవిడకో కుర్చీ వేశారు. గుమ్మం పక్కన. ఎందుకక్కడ వేశారో తర్వాత తెలిసింది. ఫీజు అన్న మాట రాగానే కోశాధికారి, ఆయనకి బజార్లో బట్టల కొట్టు ఉండేది, గజం బద్ద పట్టుకున్నట్టే చెయ్యి చాపి మాట్లాడేవాడు, "అమ్మాయీ, నువ్వెళ్ళి టీ తాగి రా తల్లీ" అనేవాడు. ఎంత ప్రేమగా అనేవాడంటే, నిజంగా దాహమేసిందేమో అని అడిగాడనుకుంటావు. ఈవిడ లేచి బయటికొచ్చి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడేది. లోపల అంతా తేల్చుకుని పిలిచేవాళ్ళు. వెళ్ళి కూర్చుంటే తర్వాతి విషయం, ఏమిటో తెలుసా, తోటలో మొక్కలకి నీళ్ళు.

తమాషా ఏమిటంటే ఆవిడకి టీ పడదు. వాసనకే మొహం తిప్పుకునేది. కానీ మా వాళ్ళు ఊరుకుంటారా? ఎదురుపడితే చాలు, "అక్కా, టీ అయిందా? ఇవాళ పంచదార సరిపోయిందా?" అని ఏడిపించేవాళ్ళు. ఓటేసినవాళ్ళే. ఒకసారి ఆ వరండాలోనే నాతో అంది, "ఏమే, నేను లోపల ఉన్నా లేకపోయినా ఒకటే అయితే ఆ కుర్చీ ఎందుకే వేసినట్టు?" అని. నాకసలు నోట్లో నాలుక లేదప్పట్లో. ఇప్పుడు వాగుతున్నానంటావా? అదంతా పాఠాలు చెప్పీ చెప్పీ వచ్చిన రోగం.

ఎక్కడున్నాం? ఆఁ, ఫీజులు. మాలాంటి వాళ్ళం చాలామందిమి సర్కారు స్కాలర్‌షిప్పు మీదే చదివాం. ఆ డబ్బు ఎప్పుడూ పరీక్షలన్నీ అయ్యాక తీరిగ్గా వచ్చేది. అదొచ్చాక కాలేజీ వాళ్ళు ఫీజు పట్టుకునేవాళ్ళు, అంతవరకూ ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ ఏడు కోశాధికారికి బుద్ధి పుట్టింది. ఫీజు ముందుగా చేతి డబ్బుతో కట్టినవాళ్ళకే హాల్‌టికెట్ ఇవ్వాలి, మిగతావాళ్ళు డబ్బొచ్చాక వచ్చే ఏడు రాసుకోవచ్చు, అని తీర్మానం తెచ్చాడు. మా నాన్న అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు, సాయంత్రానికి వేళ్ళు నల్లగా ఉండేవి. ఆయనకి చెప్తే కాసేపు ఆ వేళ్ళకేసి చూసుకుని, "పోనీలేమ్మా, ఒక్క ఏడాదేగా, ఆగు" అన్నాడు. ఆయన తప్పేం లేదు. కానీ ఆ రోజుల్లో ఆడపిల్లకి ఏడాది ఆగడమంటే ఇంక ఆగిపోవడమేనే. మా పిన్ని అప్పటికే చెవినిల్లు కట్టుకుని పోరుతోంది, చదివింది చాలదా, ఏదైనా కొట్లో పెట్టండి అని. అందుకని కమిటీ కూర్చున్న రోజు మేమంతా వరండాలో కిటికీ పక్కన చేరాం. ఎండలు మండిపోతున్నాయి, కిటికీలు బార్లా తెరిచే ఉన్నాయి. నా కళ్ళతో నేను చూశాను, ఎవరో చెప్పింది కాదు.

తీర్మానం వంతు వచ్చింది. "అమ్మాయీ, వెళ్ళి టీ తాగి రా తల్లీ" అన్నాడు. పొడుగక్క లేచింది. మా ముందునుంచే వెళ్ళింది, మా వంక చూడను కూడా లేదు. క్యాంటీన్‌కెళ్ళి గాజు గ్లాసు నిండా టీ పోయించుకుని, చీర చెంగుతో గ్లాసు పట్టుకుని, మళ్ళీ తలుపు కమ్మీ కింద వంగి లోపలికెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. "ఇదేమిటమ్మా?" అన్నాడాయన. "టీ సార్. తాగమన్నారుగా. బయట ఎండగా ఉంది, ఇక్కడ ఫ్యానుంది." "తాగి రమ్మన్నాను." "తాగుతున్నాను సార్. అవగానే వెళ్తాను."

ఇంక చూడు. ఆవిడ గదిలో ఉండగా ఫీజుల మాట ఎత్తకూడదని నియమం వాళ్ళే రాసుకున్నారు. ప్రిన్సిపాల్‌ని మేం రూళ్ళకర్ర అనేవాళ్ళం, నియమం దాటి పెన్ను మూత కూడా తీసేవాడు కాదు. ఏమన్నావు? చెయ్యి పట్టుకుని బయటికి పంపొచ్చుగా అంటావా? పంపేదెవరే? గది నిండా మగవాళ్ళు, ఒక ఆడపిల్ల. చెయ్యేసే ధైర్యం ఎవరికుంది? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ ఒక్కో చుక్కా కషాయం మింగినట్టు మింగుతోంది. కోశాధికారికి ఊరెళ్ళే రైలుంది. ఆయన సంతకం లేనిదే డబ్బు విషయం ఏదీ తేలదు. ఆయన గడియారం చూస్తాడు, గ్లాసు చూస్తాడు. "ఇంకా ఎంతసేపమ్మా?" అంటాడు. "తొందరేం లేదు కదా సార్, వేడిగా ఉంది" అంటుంది. వేడా పాడా, అప్పటికే మీగడ కట్టింది.

కాసేపటికి నేను మునివేళ్ళ మీద లేచి చూస్తే గ్లాసు ఖాళీ. చుక్క లేదు. అయినా ఎత్తుతోంది, పెదాలకి ఆనిస్తోంది, దించుతోంది. కోశాధికారి ఒంటికాలి మీద లేచాడు, "అయిపోయింది, అయిపోయింది, గ్లాసు ఖాళీ!" అని. అప్పుడు రూళ్ళకర్ర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, ఆ ఖాళీ గ్లాసుకేసి సూటిగా చూసి, "తాగుతోందిగా, తాగనివ్వండి" అన్నాడు. అంతే. కోశాధికారి తన రైలుకి తాను వెళ్ళిపోయాడు, తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. అదేమో పరీక్షలయ్యాక. మేమంతా రాశాం. నేను రాశాను, పాసయ్యాను, తర్వాత ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పాను. ఆ పాఠాల జీతం మీదే మీ అమ్మ చదివింది.

ఆవిడా? ఆవిడకి లా చదవాలని. దానికి నడవడి సర్టిఫికెట్ కావాలి. అందులో క్రమశిక్షణ తక్కువని రాయించాడు కోశాధికారి. రూళ్ళకర్ర తల వంచుకుని సంతకం పెట్టాడట. ఆ రోజు అంత మాటన్న మనిషే. నాకు ఆయన మీద కోపం రావాలో వద్దో ఇప్పటికీ తెలీదు. పొడుగక్క టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేరింది, చెవులకి ఆ తగిలించుకునేవి పెట్టుకుని ఊళ్ళని ఊళ్ళతో కలుపుతూ కూర్చుంది. చివరిదాకా అదే ఉద్యోగం. ఏళ్ళ తర్వాత మీ తాతయ్యకి ఒంట్లో బాగాలేదని దూరపు ఊరికి ఫోను బుక్ చేస్తే, లైను కలవక నేను కంగారు పడుతుంటే, అవతలనుంచి ఆ సన్నగొంతు, "లైన్లోనే ఉండవే, తొందరేం లేదు" అంది. నేను గుర్తుపట్టి నోరు తెరిచేలోపు లైను కలిపేసింది. మళ్ళీ మాట్లాడదాం, మాట్లాడదాం అనుకుంటూనే ఉన్నాను. పోయిందన్న సంగతి పేపర్లో చూశాను. ఫోటోలో ఎత్తు తెలియలేదు.

...

మీ సమావేశం రేపేగా? వంటింట్లో పై అరలో పెద్ద ఫ్లాస్కుంది, కుర్చీ వేసుకుని దింపు. మూత కొంచెం వదులు, నిటారుగా పట్టుకెళ్ళు.