రొద పెట్టని ల్యాప్‌టాప్

పాత ల్యాప్‌టాప్ గుర్రుమని రొద పెడుతోంది. పక్కనే ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. ఆమె విసుగ్గా భర్త వైపు చూసింది.

“కొత్తది ఏది కొనాలో ఇంకా తేల్చలేదా? ఇది ఈసారి ఆరిపోయిందంటే మళ్ళీ లేవదు.”

“తేలిపోయింది. నేను చూసిన రెండు ల్యాప్‌టాప్‌లవీ రెండేసి కోర్ల ప్రాసెసర్లే, రెండూ కరెంటు తక్కువ తాగేవే. మొదటిది వేగం, కానీ వేడెక్కుతుంది, ఫ్యాన్ ఉండాల్సిందే. రెండోది కాస్త నిదానం, కానీ చల్లగా ఉంటుంది. మా కంపెనీలో చేసే తూకం మిషన్లలో ఆ ప్రాసెసరే పెడతాం.”

“నేను తూకాలు వెయ్యను మహానుభావా, అనువాదాలు చేస్తాను! సాయంత్రానికి పంపాలి. ఏదో ఒకటి తెచ్చి పడెయ్యండి.”

“తెచ్చేశాను, ఇదిగో. రెండోదే. నీ ఫైళ్ళు కూడా ఎక్కించేశా. దీనికి ఫ్యానే లేదు. పాప నిద్ర చెడకూడదనే ఏరికోరి తెచ్చా.”

అతను గర్వంగా పాతదాన్ని ఆపేశాడు. గది నిశ్శబ్దమైంది. మరుక్షణం పాప గుక్కపట్టి ఏడ్చింది.

“అయ్యో, దీనికేమైంది?”

“ఏమవుతుంది? పుట్టినప్పట్నుంచీ ఆ ఫ్యాన్ రొదే దానికి జోలపాట. వేడి చూశారు, వేగం చూశారు. రోజూ దాన్ని పడుకోబెట్టేదాన్ని, నన్నొక్క మాట అడిగారా?”

“అయితే మార్చేసి మొదటిదే తెస్తా. ఒక్క వారం ఓపిక పట్టు, దాని ఫ్యాన్ ఎంత రొద పెడుతుందో పోల్చి చూసి...”

ఆమె పాపను తీసి అతని చేతుల్లో పెట్టి, కొత్త ల్యాప్‌టాప్ అందుకుంది.

“తీరిగ్గా పోల్చుకోండి. అందాకా ఆ రొదేదో మీరే పెట్టండి.”