మూడో గుంత కొలత

సవరయ్య సార్ భార్య జోజమ్మ గారికి, పని మానుకుని వచ్చిన మేస్త్రీలకు, మా ఆఫీసు పెద్దలకు నమస్కారం. సవరయ్య సార్ లేరు. ఆయన పోయి ఇవాళ్టికి పది రోజులు.

నా పేరు దుర్గ. పాలిటెక్నిక్ చివరి ఏడాది. ఆరు నెలలుగా సార్ దగ్గర పని నేర్చుకుంటున్నాను.

కట్టడాలను కొలిచి, ఎంత పని జరిగిందో రాయడం మా సంస్థ పని. ముప్పై ఏళ్ల కింద ఖమ్మంలో, ఒక్క గదిలో, సార్ ఒక్కరే మొదలుపెట్టారు. తర్వాత రవీందర్ గారి కొత్తగూడెం ఆఫీసు వచ్చి కలిసింది. కలిసిన వారంలోనే గొడవ. ఒకే గోడకు రెండు ఆఫీసులు రెండు కొలతలు రాశాయి. ఎవరిది తప్పు? సార్ వాదించలేదు. అందరినీ ఆ గోడ దగ్గరికే తీసుకుపోయి టేపు పట్టించారు. తప్పు సార్‌దే అని తేలింది. "నాదే తప్పు రవీందరూ, కొట్టెయ్. ఇగ మనం కలిసినట్టే" అని నవ్వారట.

పోయిన ఏడాది అందరం హైదరాబాద్ కంపెనీలో కలిశాం. బోర్డు మీద సార్ పేరు పోయింది. అది ఆయనను బాధపెట్టలేదు. డ్రాయింగ్ చూసి కొలతలు రాస్తే చాలన్న కొత్త పద్ధతి బాధపెట్టింది. "కాయితం మీద ఎన్నడన్న గోడ కూలిందా బిడ్డా?" అనేవారు.

ఇక నా సంగతి చెప్పాలి. ములకలపల్లి అవతల ఆడపిల్లల హాస్టల్ కడుతున్నారు. నేను వెళ్లేసరికి పునాది గుంతలు పూడ్చేశారు. నేను డ్రాయింగ్‌లోని లోతునే కొలతల పుస్తకంలో ఎక్కించాను. సార్ ఒక్కటే అడిగారు: "నువ్వు చూసినవా?" చూడలేదన్నాను. తిట్టలేదు. నా అంకెల మీద గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, మర్నాడు వానలోనే బయలుదేరారు. గుంతలు తవ్వించారు. రెండింటిలో పునాది లోతు తక్కువ. మూడో గుంతలోకి టేపుతో దిగారు. తడిసిన మట్టి విరిగి మీద పడింది.

నేను వెళ్లిన రోజు ఎండ కాసింది. ఆ ఎండలోనే నేను తవ్వించమని అడిగి ఉంటే, సార్ వానలో దిగేవారా? జోజమ్మ గారూ, నేను అడగలేదు.

రవీందర్ గారూ, పుస్తకంలో మూడో గుంత గడి ఖాళీగా ఉంది. డ్రాయింగ్ చూసి నింపి పంపమని నిన్న కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. నేను నింపను. నన్ను రేపటి నుంచి రావద్దన్నా నింపను. ఆ కప్పు కింద పడుకోబోయేది మన గూడేల పిల్లలు. గుంత వెడల్పుగా కోయించి, మట్టి జారకుండా చెక్కలు దన్ను పెట్టించండి. నేను దిగి కొలుస్తాను. అప్పటిదాకా ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

జోజమ్మ గారూ, మీరు కూర్చునే ఉండండి. మిగతా అందరం లేచి, రెండు నిమిషాలు సార్ కోసం మౌనంగా నిలబడదాం.