రెండంగుళాలు తక్కువ

గుండె ఆపరేషన్ జరిగిన ఆరో రోజు. కిటికీ పక్క మంచం మీద టైలరు, ఛాతీకి దిండు హత్తుకుని కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద ఆయన బావమరిది, పదహారేళ్లుగా ఆయన షాపులోనే పనిచేస్తున్నవాడు.

“...అందుకే చెప్తున్నా, నవ్వించకురా. నవ్వినా దగ్గినా ఈ దిండు గట్టిగా పట్టుకోవాలి. లేకపోతే లోపల కట్టిన తీగలు పుటుక్కుమంటాయేమోనని భయం.”

“నేనేం నవ్వించాను బావా? కుట్టు ఎలా ఉందని అడిగానంతే.”

“ఎలా ఉంటుంది? మెడ కింద మొదలెట్టి పొట్ట దాకా తిన్నగా లాగేశారు. ఒక్క గుండీ అయినా పెట్టలేదు. మళ్లీ విప్పాల్సొస్తే ఎలాగో!”

“అవేం మాటలు!”

“మీ అక్కేదిరా?”

“వస్తుంది.”

“నిన్నా వస్తుందన్నావు. మొన్నా వస్తుందన్నావు.”

“ఒంట్లో నలతగా ఉందట. ఇక్కడికొస్తే నీకు అంటుకుంటుందని...”

“ఫోన్ చేస్తే వెనకాల మిషను చప్పుడు వినిపించింది.”

“మిక్సీ అయ్యుంటుంది.”

“ముప్పయ్యేళ్ల నుంచి మిషను తొక్కుతున్నా. మిక్సీకీ మిషనుకీ తేడా తెలీదా నాకు? ఆపరేషన్ గుండెకి చేశారురా, చెవులకి కాదు.”

“సర్లే, మందులు వేసుకున్నావా?”

“వేసుకున్నా. షాపు తీస్తున్నావా?”

“షాపా... తాళం వేసే ఉంచాను. నువ్వు లేకుండా ఎలా తీస్తాను?”

“మరి మెడలో ఆ టేపేంటి?”

“ఏ టేపు?”

“అదిగో, పచ్చగా వేలాడుతోంది. మెడలోంచి తియ్యడం మర్చిపోయి వచ్చేశావు. తాళం వేసిన షాపులో ఎవరి కొలతలు తీస్తున్నావు, గోడలవా?”

“అలవాటు బావా. పొద్దున్నే చొక్కాతో పాటు అదీ వేసేసుకుంటాను.”

“మన దగ్గర బట్టలు కుట్టించుకునే హెడ్మాస్టరు ఫోన్ చేశాడు.”

“ఎప్పుడు?”

“నిన్న. ‘కొత్త షాపు అదిరిపోయిందయ్యా, బోర్డు మీద బావమరిది పేరు పెట్టావు, ఎంత పెద్ద మనసు’ అన్నాడు. నా పెద్ద మనసు సంగతి నాకే తెలీదు. మన షాపుకి సరిగ్గా ఎదురుగానట.”

“బావా, ఆవేశపడకు. డాక్టరు వద్దన్నాడు.”

“డాక్టరు నీకేమైనా చుట్టమా? ఎప్పుడు తెరిచావు?”

“నిన్ను... నిన్ను లోపలికి తీసుకెళ్లిన రోజు.”

“వాళ్లు నా రొమ్ము కోస్తుంటే నువ్వు రిబ్బను కోశావన్నమాట.”

“మూడు నెలల దాకా బరువెత్తొద్దన్నారు. ఇస్త్రీ పెట్టె కూడా ఎత్తలేవు నువ్వు. అందాకా కస్టమర్లు ఆగుతారా? ఎవడో ఎగరేసుకుపోతే?”

“అందుకని నువ్వే ఎగరేసుకుపోయావు. అయినవాడివి కదా! మరి నా షాపులోనే కూర్చుని కుట్టొచ్చుగా?”

“ఎన్నాళ్లు బావా? పదహారేళ్లు కాజాలు కుట్టాను. ఒక్కసారి, ఒక్కసారైనా కత్తెర నా చేతికిచ్చావా?”

“అడిగావా?”

“అడిగాను. ‘ముందు గీత తిన్నగా గియ్యడం నేర్చుకో’ అన్నావు. అందరి ముందూ.”

“నా కత్తెర ఎవరికీ ఇవ్వను. మీ అక్కా అడిగింది, పెళ్లయిన కొత్తలో. కాజాలు కుట్టుకోమన్నాను. నోరెత్తకుండా కుట్టుకుంది, బంగారం. నువ్వేమో తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు. కొలతల పుస్తకం కూడా పట్టుకుపోయావు కదూ? నల్ల అట్టది.”

“అది... అది లేకపోతే అందరి కొలతలూ మళ్లీ ఎక్కడ తీస్తాను బావా?”

“అబ్బా... అబ్బబ్బా... దిండు జారిపోయింది, ఇటివ్వు, ఇటివ్వు...”

“ఏమైంది? నొప్పా? నర్సుని పిలవనా?”

“నొప్పి కాదురా, నవ్వు. ఒరేయ్ పిచ్చి సన్నాసీ, ఆ పుస్తకంలో ఛాతీ కొలతలన్నీ రెండంగుళాలు తక్కువ రాశాను.”

“బావా, అదీ...”

“ఉండరా, చెప్పనీ. ప్రతి ఒక్కరిదీ అంతే. పుస్తకం ఎవడైనా ఎత్తుకుపోతే వాడికి అక్కరకి రాకూడదని. కోసేటప్పుడు మనసులో రెండు కలుపుకునేవాణ్ణి. నువ్వు కుట్టిన చొక్కా వేసుకుని గట్టిగా ఊపిరి పీలిస్తే గుండీలు తెగి ఎదుటివాడి కంట్లో పడతాయి. వారం తిరిగేసరికి అందరూ నా గుమ్మంలో ఉంటారు, చూస్తూ ఉండు.”

“బావా...”

“తల దించుకోకు. ఆ బోర్డు పీకేసి వచ్చెయ్. తిడతాను, పడు. తర్వాత నీ స్టూలు నీకుంటుంది. కత్తెర కూడా ఇస్తాను పో. చావు అంచు దాకా వెళ్లొచ్చాక నాకూ కాస్త బుద్ధొచ్చింది.”

“బావా, చొక్కాలు బిగుతుగా రాలేదు.”

“రాకపోవడమేంటి?”

“సరిపోయాయి. అందరికీ. రెండంగుళాలు కలిపే కోశాం.”

“కలిపా? నీకెవరు చెప్పారు? ఆ సంగతి నేను చెప్పింది ఈ లోకంలో ఒక్క...”

“అవును బావా.”

“లేదు. మీ అక్క చెప్పదు. నువ్వే ఏదో మాయ చేసి అడిగుంటావు. చెప్పు, ఎలా అడిగావు?”

“నేనేమీ అడగలేదు. కొత్త షాపులో కత్తెర పట్టింది అక్కే, బావా.”