పది అంకెల పాము

భద్రాచలం అడవి అంచున ఉన్న అంగన్‌వాడీ ఆవరణలో, పెయింటర్ నేల మీద ఒంటి నిండా అంకెలతో పెద్ద పామును గీశాడు. పిల్లలు దాని మీద గెంతుతూ లెక్కలు నేర్చుకోవాలి. కానీ ఒక్కరూ వరండా దిగడం లేదు. టీచరు పెయింటర్ దగ్గరికి పరుగున వచ్చింది.

"అన్నా, రేపే ఈ ఆటస్థలం ఓపెనింగ్. పెద్దసార్లు వస్తరు. పిల్లలు గిట్ల గోడకు అతుక్కుంటే నా పరువేం గాను?"

"పాము మంచిగ రాలేదా టీచరమ్మా?"

"మస్తు వచ్చింది. అదే తంటా! పాము కనబడితే దూరం ఉరకాలెనని రోజూ నేనే చెప్తున్న. ఇప్పుడు తొక్కుర్రి అంటే ఎట్ల తొక్కుతరు?"

"ముందే చెప్పొద్దా? ఆ నాలుక గీసెటందుకే పొద్దంతా పట్టింది."

"ఆ నాలుక చూసే ఇద్దరు ఏడ్చిర్రు. దీన్ని బొగ్గు రైలు చెయ్యి. మన పిల్లలకు రైలంటే పానం."

"అవ్, పడగ ఇంజనైతది, ఒళ్ళు డబ్బాలైతది. జర ఆగుర్రి."

రంగు ఆరగానే పిల్లలు కేకలేస్తూ వరండా దూకారు. టీచరు నవ్వబోయి ఆగిపోయింది.

"అన్నా, అందరూ ఇంజన్ మీదికే ఎక్కిర్రు! అంకెల డబ్బాల మీద ఒక్కరు లేరు. ఇగ లెక్కలెట్ల చెప్పాలె?"

"గదేంది టీచరమ్మా! ఇంజన్ మీద ఎందరున్నరో లెక్కపెట్టమనుర్రి."