దీనమ్మ గారి గురించి రెండు నిమిషాలు

రాస్ అల్ ఖైమాలో ఒక చర్చి హాలు బయట, ఆగి ఉన్న కారులో నర్సు కృపాకుమారి, ఆమె భర్త ఐజక్. వాళ్ళ ఊరికి రెండుసార్లు ప్రెసిడెంటుగా చేసి, పోయిన నెల కన్నుమూసిన దీనమ్మకు లోపల సంతాప సభ.

"నా మాటల్లోంచి సమాధుల దొడ్డికి దారి సాధించిన సంగతి ఎందుకు కొట్టేశారండీ?"

"కొట్టెయ్యలేదు. కుదించాను. నీకిచ్చింది రెండు నిమిషాలే కృపా."

"కుదించి ఏం రాశారు? 'సహనశీలి' అంట! ఎవరండీ సహనశీలి, దీనమ్మ గారా? ఆవిడ నోరు తెరిస్తే ఎమ్మార్వోకి ఫ్యాను కింద కూడా చెమటలు పట్టేవి."

"పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్తే ఏం పోయింది?"

"నేను రాసుకుందీ మంచే. అంతకుముందు మన పేటలో ఎవరు పోయినా మోకాల్లోతు బురదలో, పరాయి చేను గట్టు మీద మోసుకెళ్ళేవాళ్ళు. ఆవిడ మొగుడు పోయినరోజు పెట్టె ఆ చేలోనే దింపించింది. దారి ఇచ్చేదాకా లేపేది లేదని పక్కన కూలబడింది. జోరున వాన. మా అమ్మ నన్ను కొంగులో..."

"తెలుసు. నేనూ ఉన్నానుగా."

"ఉండి మరి ఎలా కొట్టేశారు?"

"ఆ చేను ఎవరిదో గుర్తుందా?"

"ఎందుకు లేదు? నరసింహమూర్తి గారి నాన్నది."

"ఆ నరసింహమూర్తి గారే లోపల ముందు వరసలో కూర్చున్నారు. ముఖ్య అతిథి. నేను నడిపే బండి ఆయనది, నాకు జీతమిచ్చే ముదీర్ ఆయన. ఇంకా చెప్పాలా?"

"ఆయన్నెవరు పిలిచారు?"

"హాలు మాట్లాడింది ఆయనే. భోజనాలు ఆయనవే. ఫొటోకి దండ కూడా..."

"దండా ఆయనదేనా! దారివ్వనివాళ్ళు దండేస్తారు, మనం చప్పట్లు కొట్టాలి."

"మెల్లగా. అద్దం దించి ఉంది."

"ఉండనివ్వండి. ఆ వారంలోనే మా నాన్నని పిలిచి, పిల్లని బడి మాన్పిస్తే మీ వీధిలోకొచ్చి పరువు తీస్తానంది. మన పేట నర్సులందరం ఆవిడ తిట్లు తిన్నవాళ్ళమే. కరోనాలో నేను వార్డులోనే ఉండిపోతే రోజూ ఫోన్ చేసిందెవరు? మీ అన్నయ్యా? 'భయంగా ఉందా? ఉంటదమ్మా. భయపడతానే డ్యూటీకి పో' అనేది. ఆ మాట కూడా కొట్టేశారు."

"అది బావుండదని..."

"ఏది బావుంటుంది మీకు? అక్కడ ఊళ్ళో ప్రెసిడెంటుకి ఏకగ్రీవం, ఇక్కడ సంతాపం. బానే ఉంది."

"ఏకగ్రీవం అని నీకెవరు చెప్పారు?"

"మా చెల్లి రేచెల్. ఈసారి సీటు మన ఆడవాళ్ళకి రిజర్వయిందిగా. పోటీ లేకుండా నరసింహమూర్తి గారి వాళ్ళూ, మన పేట పెద్దలూ కూర్చుని ఒక మనిషిని ఖాయం చేశారంట. ఆ కూర్చున్నవాళ్ళలో మీ అన్నయ్య కూడా ఉన్నాడంట."

"ఉంటే ఉన్నాడు. టైమైంది, దిగు."

"ఎవరా మనిషి?"

"నాకేం తెలుసు?"

"ఎవరో ఒక బొమ్మ అయ్యుంటుంది. చెప్పినచోట వేలిముద్ర వేసే..."

"వేలిముద్రేం కాదు. చదువుకున్న మనిషే."

"తెలీదన్నారు ఇప్పుడే."

"అబ్బా, కృపా..."

"చెప్పండి."

"దీనమ్మ గారి శిష్యురాలని పేటంతా సరేనంది. ఊళ్ళో ఉండక్కర్లేదు. ఒక్క వారం సెలవు పెట్టి వెళ్ళి, నామినేషన్ మీద సంతకం పెట్టొస్తే చాలు. మిగతాదంతా అన్నయ్యా వాళ్ళూ చూసుకుంటారు."

"వెళ్ళడమేంటి? ఎక్కణ్ణించి?"

"అదే..."

"ఏవండీ, ఇటు చూడండి. ఎక్కణ్ణించి?"

"ఇక్కణ్ణించే. నీ పేరే ఇచ్చాడు అన్నయ్య. నరసింహమూర్తి గారికీ ఇష్టమే. ఎలాగూ ఇక్కడే ఉంటుంది, ఎవరికీ అడ్డం రాదన్నారు."

"మీరేమన్నారు?"

"నీతో మాట్లాడి చెప్తానన్నా."

"ఏమన్నారు?"

"సరే అన్నా."

"నన్నడక్కుండా."

"సభ అయ్యాక చెబుదామనుకున్నా. వద్దంటే నా ఉద్యోగం ఖలాస్. లోపలికెళ్ళగానే ఆయన అడుగుతాడు, ఏం చెప్పమంటావ్? అలా చూడకు. తిట్టు."

"కాగితం ఇలా ఇవ్వండి. మీరు రాసిందే చదువుతా, భయపడకండి. ఆయన అడిగితే నేను ఒప్పుకున్నానని చెప్పండి."

"నిజంగానా?"

"నిజంగానే. ఇక్కడ ఉద్యోగం మానేసి ఊళ్ళోనే ఉండిపోడానికి వెళ్తున్నానని మాత్రం చెప్పకండి."