బుగ్గకి వాసెలిన్

బందరు గిలకలదిండిలో జనవరి తెల్లవారుజాము. సముద్రపు గాలి. వసారాలో అత్త ఎలీసబెతు, కోడలు షీబా. బయటనుంచి గెడ పెట్టిన గదిలో ఎలీసబెతు కొడుకు, షీబా మొగుడు హనోకు.

"ముఖం ఇటు తిప్పు. గాలి తగిలే చోటల్లా రాయాలి."

"కొబ్బరినూనె చాలదా అత్తయ్యా?"

"గడ్డకట్టి కూచుంది. వాసెలినే మేలు. కదలకు."

"అబ్బా, మండుతుంది."

"మండుద్ది మరి. రాత్రి వాడి ఉంగరం చీరిన చోటు కదా. ఇట్టాగే పరిగెత్తావంటే ఈ చలిగాలికి పగిలి నెత్తురు కారుద్ది. కానిస్టేబుల్ సెలెక్షన్ సార్లు పక్కన నిలబెట్టేస్తారు."

"అమ్మా, తలుపు తియ్యి."

"చెవులు. ముక్కు కొన. పెదాలు... నవ్వకు, మళ్ళీ చిట్లుద్ది."

"నవ్వే ముఖమేనా ఇది?"

"అమ్మా, నిన్నే. గెడ ఎవరు పెట్టారు? అదేనా?"

"నేనే పెట్టాన్రా. పడుకో."

"మగాళ్ళ మధ్యలో కాళ్ళు కనపడేట్టు పరిగెడుతుందంట. ఏయ్ షీబా, రాత్రి బూట్లే కోశాను. ఇయ్యాళ మడమలు కోస్తా."

"వద్దులే అత్తయ్యా. నేను వెళ్ళను."

"చేతులియ్యి. కణుపుల మీద కూడా రాస్తా. ఇదిగో మేజోళ్ళు, చేతులకి తొడుక్కో. విజిల్ వేసేముందు తీసెయ్యి."

"బూట్లు లేకుండా ఎట్టా పరిగెత్తను?"

"సగంమంది వట్టి కాళ్ళతోనే పరిగెడతారని నువ్వేగా చెప్పావు. పాదం చాపు. అరికాలికి వద్దు, జారుద్ది."

"చేపల ఐసు పొడిచే చువ్వ ఇక్కడే ఉందమ్మోయ్. ఈ తలుపెంతసేపు?"

"అయ్యో, అది తియ్యడం మర్చేపోయాను."

"అత్తయ్యా, తలుపు బద్ద లేచింది. చువ్వ ఇవతలికొచ్చింది."

"చూశాలే. ఆ మఫ్లరు మెడకి చుట్టుకో. వాడి గోళ్ళు దిగిన చోట ఉప్పుగాలి తగిలిందంటే మంటకి ఊపిరి పీల్చలేవు."

"నేను వెళ్తే మిమ్మల్ని చంపేస్తాడు."

"చంపడు. కొడతాడు. నాకేమన్నా కొత్తా?"

"పోయినసారి మీ చెయ్యి..."

"అతుక్కుంది కదా. ఈ పరుగు పోతే మళ్ళీ ఉద్యోగాలు ఎప్పుడు తీస్తారో ఏమో. ఆపాటికి నీ వయసు దాటిపోద్ది."

"ఇద్దర్నీ కలిపి ఐసు పొడిచినట్టు పొడుస్తా. విన్నావా అమ్మా?"

"విన్నాను. షీబా, అదిగో హారను. నీతో పరిగెత్తే శాంతి వాళ్ళ నాన్న ఆటో తెచ్చాడు. లెగు. గ్రౌండు గేటు మూసేస్తారు."

"మీరూ రండి. ఇక్కడుండొద్దు."

"నేనొస్తే ఈ తలుపుకి ఇట్టా వీపు ఎవరు ఆనిస్తారు?"

"అత్తయ్యా, మీ భుజం... నెత్తురు."

"గీసుకుంది అంతే. చూస్తా నిలబడ్డావేంటి? నీ ముఖానికి రాసింది తుడుచుకోకు. వెళ్ళు."

"అత్తయ్యా..."

"వెళ్ళమ్మా."

"పోయిందా? అమ్మా, అది పోయిందా? వీపు తియ్యి, లేకపోతే ఈసారి లోపలికి దిగుద్ది."

"దించు."

"నీకు బుద్ధుందా అసలు? అది పోలీసైతే ముందు నన్నే లోపలేస్తుందమ్మా."

"అందుకేరా పంపింది."