వీరేందర్ కట్టిన ఫైర్‌వాల్

వీరేందర్‌కు చాయ్ ఒక సాకు, వినే చెవులు దొరికితే చాలు. ఆ ఆదివారం మధ్యాహ్నం గోదావరిఖని బస్టాండు ఎదుట పూలమ్మ చాయ్ కొట్టులో ఆయనకు ఇద్దరు దొరికారు. ఒకరు గనిలో పనిచేసి రిటైరైన యేసయ్య, ఇంకొకరు ఆయన కూతురు లిల్లీ. లిల్లీ కోచింగ్ సెంటర్ నడుపుతుంది. సాయంత్రం అయిదింటికి ఆమె పిల్లలు మొదటిసారి ఆన్‌లైన్లో పరీక్ష రాయాలి. ఆ పరీక్ష ఉన్నది వీరేందర్ సర్వర్లో. పొద్దుటి నుంచీ ఆ సర్వర్ తెరుచుకోవడం లేదు. వీరేందర్ ఫోను ఎత్తకపోయేసరికి తండ్రిని తోడు తీసుకుని వెతుక్కుంటూ వచ్చి, ఏమైందని అడిగింది. జవాబు చెప్పమంటే కథ మొదలుపెట్టాడు.

"ఎందుకు తెరుచుకుంటది చెల్లె? నేను గట్ల కట్టిన! సూడు కాక, నాది ఒక్కటే మిషిన్, లైనక్సుది. దాన్ల ఏడు సర్వర్లు నడుస్తయి. ఒక్క క్వార్టర్ల పరదాలు కట్టి ఏడు సంసారాలు పెట్టినట్టు. ఒకల కూర వాసన ఇంకొకలకు రాదు. ఒక పరద ఎనుక మీ లిల్లీ పరీక్ష, ఇంకో పరద ఎనుక ఫొటో స్టూడియో సంపత్ పెండ్లి ఫొటోలు. పొద్దుగాల సూస్తే ఎవడో బయట నుంచి పాస్‌వర్డులు కొడుతున్నడు. తప్పు కొట్టిండు, మళ్ల కొట్టిండు. ఆపిన. గంతే."

ఇంతవరకు నిజమే అయి ఉంటుందని లిల్లీకి అనిపించింది. సర్వర్ అన్నాక ఎవరో ఒకరు తలుపు తడుతూనే ఉంటారు. కానీ అక్కడ ఆగితే వీరేందర్ ఎందుకవుతాడు?

"ఆ తర్వాత ఏమైందో తెల్సా? వాడు వాళ్లోళ్లను పిలిచిండు. ఐదు వందల మంది! ఒక్కొక్కడు ఒక్కో దేశపోడు."

"మన భాష వస్తదా వాళ్లకు?" అన్నాడు యేసయ్య.

"పాస్‌వర్డుకు భాషేంది కాక! నేనప్పుడు గోదావరి బ్రిడ్జి మీద స్కూటీ నడుపుతున్న. ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చేతిల ఫోను. పాస్‌వర్డులే తీసేసి తాళంచెవి ఫైలు పెట్టిన, ఏడు సర్వర్లకు ఏడు కాపీలు తీసిన, ఎనుక బొగ్గు లారీ హారన్ కొడుతనే ఉన్నది. బ్రిడ్జి సగానికొచ్చేసరికి ఐదు వందలు ఐదు వేలయిన్రు! తిరగబడి కొట్టిన. ఎట్ల కొట్టిన్నంటే వాళ్ల దేశంల కరెంటు పోయింది. వాళ్ల సర్దార్ నాకే ఫోన్ చేసి ఏడ్చిండు. గురువుగారూ, జర ఇడువున్రి, ఇంట్ల పిల్లలు చీకట్ల ఉన్నరు అన్నడు."

"తెలుగుల్నే ఏడ్చిండా?" అంది లిల్లీ.

"ఏడుపుకు భాషేంది చెల్లె! పాపమనిపించి ఇడిచిపెట్టిన. ఆఖరికి మిషిన్‌కు ఫైర్‌వాల్ కట్టిన. బయట నుంచి లోపలికి ఏదీ రావద్దని ఒక్క లైను కొట్టిన. ఇప్పుడు దేవుడొచ్చినా దూరలేడు!"

ఫైర్‌వాల్ అనగానే యేసయ్య గ్లాసు కింద పెట్టాడు. గనిలో బొగ్గు అంటుకుంటే ఆ దారికి అడ్డంగా గోడ కట్టి మూసేస్తారు. ఇదీ ఆ గోడే అనుకున్నాడు.

"కట్టే ముందు మనుషులను లెక్కపెట్టుకున్నవా బిడ్డా? లోపల ఎవలన్న ఉండిపోయిన్రా?"

"అది కంప్యూటర్ కాక! లోపల ఎవలుంటరు?" అని వీరేందర్ పడీపడీ నవ్వాడు.

లిల్లీ నవ్వలేదు. తండ్రి పొరపాటున అడిగినా, అడగవలసింది అదేనని ఆమెకు తట్టింది.

"లోపల ఎవ్వలు లేరు బాపు. ఈయనే బయట ఉండిపోయిండు. అన్నా, ఆ లైను ఫోన్ల నుంచే కదా కొట్టినవ్? ముందుగాల నీ ఒక్కనికి దర్వాజ తెరిచి పెట్టుకున్నవా?"

వీరేందర్ గ్లాసు ఎత్తి తాగాడు. అందులో చాయ్ ఎప్పుడో అయిపోయింది.

"మిషిన్ కాడికి పోయి కూసుంటే ఒక్క నిమిషం పని," అంది లిల్లీ. పిల్లల ముందు మాట పోతుందన్న భయం ఆమె గొంతులో తెలుస్తూనే ఉంది. "పోరాదు అన్నా."

"అది... గుప్తమైన జాగల ఉన్నది. ఎవ్వలకు చెప్పొద్దు. సెక్యూరిటీ!"

"మంచిర్యాలల, మీ అత్తగారింట్ల, ఫ్రిజ్ పక్కన."

కొట్టంతా గొల్లుమంది. భార్య సంతోషి అలిగి పుట్టింట్లో కూర్చున్న సంగతి బస్టాండులో తెలియనిదెవరికి? పొద్దున ఆమెను తీసుకురావడానికే బయల్దేరి, అత్త నోటికి జడిసి బ్రిడ్జి సగం నుంచే స్కూటీ తిప్పాడు. ఐదు వేల మందిని తరిమినవాడు ఇప్పుడు చిన్న గొంతుతో అడిగాడు.

"చెల్లె, జర నువ్వే ఫోన్ చేసి చెప్పవా ఆమెకు?"

"నువ్వు ఎత్తకపోతే ముందు వదినెకే చేసిన. రమ్మన్నది. దర్వాజ తీస్తదట. కాకపోతే చెప్పులతోటి కోతలు గూడ బయట్నే ఇడిచి రమ్మన్నది."

వీరేందర్ స్కూటీ తీశాడు. అయిదు కాకముందే లిల్లీ ఫోనులో పరీక్ష తెరుచుకుంది. అంటే రెండూ బయటే విడిచాడన్నమాట.